గని దగ్గర శుద్ధి ప్లాంట్: ఖర్చు, విలువల చుట్టూ ఉన్న అపోహలు

ఇనుప ఖనిజం శుద్ధి చేసే ప్లాంట్లే నా పని. గని దగ్గరే కొత్త ప్లాంట్ పెడుతున్నామని ఏ కంపెనీ ప్రకటించినా, షేర్లు కొన్నవాళ్లూ కొత్తగా చేరిన ఇంజనీర్లూ దాదాపు ఇవే మాటలు అంటుంటారు.

అపోహ: ప్లాంట్ పెడితే టన్ను ఖర్చు తగ్గుతుంది.

వాస్తవం: మొదట పెరుగుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. 55 శాతం ఇనుమున్న ముడి ఖనిజం 100 టన్నులు ప్లాంట్‌లోకి పంపి 64 శాతం సరుకు తీయాలి. శుద్ధి తర్వాత పారబోసే వ్యర్థం, అంటే టెయిలింగ్స్‌లో ఇంకా 35 శాతం ఇనుము ఉంటోంది. అంటే చేతికొచ్చేది 69 టన్నులే. తవ్వకానికి టన్నుకు 600, శుద్ధికి 300 రూపాయలు అనుకుంటే, ముడి ఖనిజం మీద 900 అయిన ఖర్చు అమ్మే సరుకు మీద 1,300 దాటుతుంది. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ 900 దగ్గరే ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అమ్మేది ముడి ఖనిజం కాదు కదా!

అపోహ: అప్‌గ్రేడ్ అంటే పెద్ద మిల్లు, ఎక్కువ టన్నులు.

వాస్తవం: చాలాసార్లు అసలు డబ్బు ప్లాంట్ చివర్లో, స్లైమ్స్‌లో, అంటే బయటికి పోయే సన్నటి బురదలో ఉంటుంది. పై లెక్కలోనే సన్నటి మట్టి నుంచి ఇనుము పట్టుకునే అయస్కాంత యంత్రాలు పెట్టి, టెయిలింగ్స్‌లో ఉండే ఇనుమును 35 నుంచి 30 శాతానికి దించామనుకోండి. అదే తవ్వకానికి 73 టన్నులకు పైగా సరుకు వస్తుంది. శుద్ధి ఖర్చు టన్నుకు 20 రూపాయలు పెరిగినా, అమ్మే టన్ను మీద 50 దాకా మిగులుతుంది. గనిలో కొత్త బెంచీ (తవ్వే మెట్టు) తవ్వక్కర్లేదు, కొత్త డంపర్ కొనక్కర్లేదు. మిల్లు పెంచితే మాత్రం కరెంటు బిల్లు ముందు పెరుగుతుంది. ప్లాంట్‌లో కరెంటు ఎక్కువ తినేది మిల్లులో జరిగే గ్రైండింగే, అంటే ఖనిజం రుబ్బడమే.

అపోహ: గ్రేడ్ (ఇనుము శాతం) పెరిగితే చాలు, ధర అదే వస్తుంది.

వాస్తవం: మన హెమటైట్ రకం ఇనుప ఖనిజంలో అల్యూమినా అనే మలినం ఎక్కువ. అది ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో స్లాగ్‌నూ (కరిగిన వ్యర్థం) కోక్ (బొగ్గు ఇంధనం) వాడకాన్నీ పెంచుతుంది కాబట్టి కొనేవాడు ధర కోస్తాడు. తేమ సంగతీ అంతే. 10 శాతం తేమతో లోడైన 20 టన్నుల లారీలో 2 టన్నులు నీళ్లే, వాటికీ కిరాయి కట్టాలి. రవాణా ఖర్చు తగ్గించాలనే ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా కొండల కింద కిరండూల్ నుంచి, సన్నటి ఖనిజాన్ని ఉండలుగా చేసే విశాఖపట్నం పెల్లెట్ ప్లాంట్ దాకా 267 కిలోమీటర్ల స్లర్రీ పైపులైను వేశారు. సన్నగా రుబ్బిన ఖనిజం నీళ్లతో కలిసి కొండ దిగి వస్తుంది. నీళ్లు తీసే ఖర్చు ఇటు విశాఖ చివర పడుతుంది.

అపోహ: ప్లాంట్ ప్రకటించిన రోజే కంపెనీ విలువ పెరిగినట్టు.

వాస్తవం: పెరిగేది షేరు ధర. విలువ రావాలంటే ప్లాంట్ అనుకున్న సామర్థ్యంతో నడవాలి, అది స్విచ్ వేసిన రోజే రాదు. అది ఆలస్యమైన కొద్దీ వడ్డీ పెరుగుతుంది. అసలు విలువ ఇంకోచోట ఉంది: నిన్నటిదాకా పక్కన గుట్టగా పోసిన తక్కువ గ్రేడ్ రాయి ఇప్పుడు అమ్మదగ్గ ఖనిజం అవుతుంది. గని ఆయుష్షు పెరుగుతుంది.

అపోహ: టెయిలింగ్స్ పర్యావరణ శాఖ గొడవ, ఆర్థిక లెక్కల్లోకి రాదు.

వాస్తవం: ఈ మాట అన్నవాళ్లకు బ్రెజిల్ సంగతి చెబుతాను. 2019 జనవరి 25న బ్రుమాడిన్యోలో వాలే కంపెనీ ఇనుప గనిలో టెయిలింగ్స్ బురదను నిలవ చేసే డ్యామ్ తెగి 270 మంది చనిపోయారు. మార్కెట్ తెరిచిన మొదటి రోజే కంపెనీ విలువలో దాదాపు నాలుగో వంతు పోయింది. ప్రాణాలకు ఏ లెక్కా సరిపోదు. కానీ డబ్బు భాషే అర్థమయ్యే బోర్డులకు కూడా ఆ అంకె చాలు. బురదలోంచి నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్‌లకు ఖర్చెక్కువే. ఆ పద్దు కొట్టేసి లాభం చూపించే రిపోర్టు మీద నేను సంతకం పెట్టను.