డీజిల్ వ్యాన్ లాగడం లేదా? పికప్ గురించి అపోహలు – వాస్తవాలు

“బండి లాగట్లేదన్నా, టర్బో పోయిందట.” నా మెకానిక్ షెడ్డుకి వచ్చే డ్రైవర్లలో చాలామంది జబ్బుతో పాటు దాని పేరు కూడా ముందే తెచ్చుకుంటారు. స్టాండులో ఎవరో చెప్పి ఉంటారు. ట్రావెలర్ లాంటి ప్యాసింజర్ వ్యాన్లయినా, సరుకు మోసే పికప్ వ్యాన్లయినా ఇప్పుడు దాదాపు అన్నీ కామన్ రైల్ ఇంజన్లే, అంటే రైల్ అనే ఒకే పైపులో డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఉంచి, దాన్ని సిలిండర్లలోకి చల్లే ఇంజెక్టర్లన్నిటికీ అందించేవి. వీటిలో పికప్ (బండి లాగే బలం) తగ్గడానికి పదిహేను కారణాలైనా ఉంటాయి, చాలావరకు చిన్నవే. అందుకే నేను ముందు అడిగేది “ఎప్పుడు లాగడం లేదు?” అని. పొద్దున స్టార్ట్ చేసినప్పటి నుంచా, ఘాట్‌లో మాత్రమేనా, అరగంట నడిచాకనా, కీ ఆపి మళ్లీ ఆన్ చేస్తే బాగవుతోందా? జవాబును బట్టి సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

అపోహ: పికప్ పోయిందంటే ఇంజన్ బోర్‌కి వచ్చినట్టే.

బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరుగుదల నెలల తరబడి మెల్లగా బయటపడుతుంది. పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, ఆయిల్ తగ్గుతూ ఉంటుంది, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ తన్నుకొస్తుంది. పోయిన వారం తిరుమల ఘాట్ బాగా ఎక్కిన బండి ఈ వారం సెకండ్ గేర్‌లో మూలుగుతోందంటే, పైవేవీ లేనప్పుడు బోర్‌ను అనుమానించకండి. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, హోస్‌లు చూడకుండా హెడ్డు విప్పుదామన్న మెకానిక్ దగ్గర బండి వదలొద్దు.

అపోహ: కూత వస్తోంది, లాగడం లేదు, కాబట్టి టర్బో మార్చాలి.

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. టర్బో అంటే పొగ తోపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది. అది నొక్కిన గాలి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజన్‌లోకి వెళ్లాలి. ఆ దారిలో రబ్బరు హోస్‌లు, క్లిప్పులు ఉంటాయి. హోస్ వంపులో లోపలివైపు చిన్న చీలిక ఉంటే ఐడిల్‌లో చేత్తో తడిమినా తెలియదు. లోడ్ పడి గాలి ఒత్తిడి పెరిగినప్పుడే ఆ చీలిక తెరుచుకుంటుంది. కూత, నల్ల పొగ, పికప్ లేకపోవడం అన్నీ కలిసి వస్తాయి. హోస్ బయట జాయింట్ దగ్గర కొత్తగా జిడ్డు పట్టి దానికి దుమ్ము అంటుకుని ఉంటే ముందు అక్కడే చూడాలి. లోపల కాస్త ఆయిల్ తడి ఉండటం మామూలే, దాన్ని చూపించి టర్బో లీక్ అంటే నమ్మకండి. హోస్ దారిని మూసి తక్కువ ఒత్తిడితో గాలి నింపి, సబ్బు నీళ్లు రాస్తే బుడగలే చెబుతాయి.

వ్యాక్యూమ్‌తో (గాలి పీల్చే శక్తితో) టర్బోను అదుపు చేసే బండ్లలో ఇంకో గుర్తు ఉంది. పికప్ తగ్గడంతో పాటు బ్రేక్ పెడల్ కూడా గట్టిపడిందా? పెడల్‌ను తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కీ టర్బోకీ వ్యాక్యూమ్ ఇచ్చే పంపు ఒకటే. చాలా వ్యాన్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అప్పుడు ముందు పంపు, సన్నటి వ్యాక్యూమ్ పైపులు చూడాలి. బ్రేకుల సంగతి కాబట్టి ఆ పని వాయిదా వేయకూడదు. ఇవన్నీ బాగుంటేనే టర్బో విప్పి షాఫ్ట్ ఆట (వదులు) చూడాలి.

అపోహ: స్కానర్ ఏ కోడ్ చూపిస్తే ఆ సెన్సార్ మార్చాలి.

బండి కంప్యూటర్ (ఈసీయూ) నమోదు చేసిన తప్పుల కోడ్లను స్కానర్ చదువుతుంది. ఉదాహరణకు పీ0087 అంటే రైల్‌లో డీజిల్ ఒత్తిడి చాలడం లేదని. రైల్ సెన్సార్ పోయిందని కాదు. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, ట్యాంకు జాలీలో చెత్త పట్టినా, సక్షన్ పైపు ఎక్కడో ఎయిర్ లాగుతున్నా అదే కోడ్ వస్తుంది. ఇంజెక్టర్ల నుంచి రిటర్న్ డీజిల్ (ట్యాంకుకు తిరిగి వెళ్లేది) ఎక్కువ పోతున్నా అంతే. రిటర్న్ పరీక్ష సులువు. ఒక్కో ఇంజెక్టర్‌కి ఒక్కో సీసా తగిలించి ఇంజన్ నడిపితే, ఏ సీసా మిగతావాటికన్నా త్వరగా నిండితే లీక్ ఆ ఇంజెక్టర్‌దే. హై ప్రెషర్ పంపు ఈ వరుసలో చివరిది.

స్కానర్‌లో నేను కోడ్ కన్నా లైవ్ డేటానే (సెన్సార్లు అప్పటికప్పుడు చూపించే అంకెలనే) ఎక్కువ నమ్ముతాను. ఇంజన్ ఆపి కీ మాత్రమే ఆన్ చేసినప్పుడు, టర్బో గాలి ఒత్తిడి కొలిచే బూస్ట్ సెన్సార్ చూపించాల్సింది బయటి గాలి ఒత్తిడినే: విజయవాడలో సుమారు 100 కిలోపాస్కల్స్, హైదరాబాద్ ఎత్తులో ఉంది కాబట్టి 95 దగ్గర. ఇంజన్ ఆగి ఉన్నప్పుడే 130 చూపిస్తోందంటే తేడా సెన్సార్‌లోనో దాని వైరింగ్‌లోనో ఉంది, టర్బోలో కాదు. తర్వాత లోడ్ మీద నడుపుతూ ఈసీయూ అడిగిన రైల్ ప్రెషర్, నిజంగా వచ్చిన ప్రెషర్ పక్కపక్కన చూడాలి. షెడ్డులో నిలబెట్టి రేజ్ చేస్తే ఈ తేడా బయటపడదు.

కీ ఆపి ఆన్ చేస్తే బాగైపోయింది, ఇక ఏమీ లేదనుకోవడం కూడా పొరపాటే. ఆర్పీఎం ఒక హద్దు దాటకుండా బండి మొండికేసిందంటే ఈసీయూ లింప్ మోడ్‌లోకి (ఇంజన్‌ను కాపాడడానికి పవర్ తగ్గించే స్థితిలోకి) వెళ్లినట్టు. కీ తిప్పితే ఆ మోడ్ పోతుంది, కారణం అలాగే ఉంటుంది. కోడ్ చెరిపేయకముందే రాసి పెట్టుకోండి.

అపోహ: నల్ల పొగ అంటే ఇంజెక్టర్ నాజిల్స్ పోయినట్టే.

గాలి చాలకపోయినా నల్ల పొగే వస్తుంది. ముందు గాలి దారి చూడండి.

అపోహ: ఆయిల్ లెవెల్ పెరిగిందంటే ఇంజన్ బాగున్నట్టే.

బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి అయితే ఇది టెన్షన్ పడాల్సిన గుర్తు. డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) చేరిన మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చల్లి సైలెన్సర్ దారిలో సుమారు 600 డిగ్రీల వేడి పుట్టిస్తుంది. స్కూల్ ట్రిప్పులు, ఊళ్లో డెలివరీలు చేసే వ్యాన్‌ను ప్రతిసారీ ఆ పని సగంలో ఉండగానే ఆపేస్తే మసి మిగిలిపోతుంది, కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడితే బేరింగులకు ప్రమాదం. అటు డీపీఎఫ్ మూసుకుపోయి పికప్ పడిపోతుంది. డీపీఎఫ్ లైట్ వెలిగితే మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద ఆగకుండా నడపండి. ఇంజన్ లైట్ కూడా తోడైతే షెడ్డుకే తేవాలి. డీపీఎఫ్ పీకించేస్తే పోతుందిగా అని అడుగుతుంటారు. చట్టం ఒప్పుకోదు, నేనూ చెయ్యను.

పొగలోని హానికర వాయువులు తగ్గించడానికి ఏడ్‌బ్లూ అనే ద్రవం పోసే వ్యాన్లలో ఇంకో తెలివి చూస్తున్నాను: పొలానికి వేసే యూరియా బోరు నీళ్లలో కలిపి పోయడం. ఏడ్‌బ్లూ అంటే 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది. రెండూ కలిసి డోసింగ్ నాజిల్‌ని, దాని తర్వాత క్యాటలిస్ట్‌ని పాడు చేస్తాయి. ఆపైన ఈసీయూ హెచ్చరించి, పవర్ తగ్గించేస్తుంది.

అపోహ: లాగకపోతే తప్పు ఇంజన్‌దే.

పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపండి. చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే బ్రేక్ పట్టేసి ఉంది. అన్నీ మామూలుగా ఉంటే, పై గేర్‌లో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కండి. ఆర్పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. అది ప్లేట్ మార్చే పని, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు.