గోడకు చెమట, మూలకు బూజు: ఇంగ్లండ్ సోషల్ హౌసింగ్ ఫ్లాట్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వాలు అద్దెకిచ్చే కౌన్సిల్ ఫ్లాట్లు, లాభాపేక్ష లేని సంస్థలు అద్దెకిచ్చే హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్లలో నెమ్ము, బూజు ఫిర్యాదులు చూడటం నా పని. చలికాలం మొదలైతే ఫోన్లు ఆగవు. ఏ ఇంటికి వెళ్లినా తలుపు తీసినవాళ్లు గోడ చూపించకముందే సంజాయిషీ ఇచ్చుకుంటారు. కిటికీలు తీస్తూనే ఉన్నామని, రోజూ తుడుస్తూనే ఉన్నామని. తప్పు చేసి పట్టుబడినట్టు మాట్లాడతారు. వాళ్లకు ఆ భయం పెట్టింది మా వృత్తివాళ్లమే. అందుకే మొదటి అపోహ మీదే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: ఇంట్లోవాళ్ల అలవాట్లు బాగోకే బూజు వస్తుంది.

వాస్తవం: మనుషులున్న ఇంట్లో ఆవిరి పుట్టక తప్పదు. ఇద్దరు ఒక గదిలో రాత్రంతా పడుకుంటే చాలు, ఊపిరితోనే అర లీటరు దాకా నీరు గాలిలో కలుస్తుంది. వంట, స్నానం, బట్టలు ఆరేయడం కలిపితే నలుగురున్న ఇంట్లో అది రోజుకు పది లీటర్ల వరకూ పోతుంది. వీటిలో మానుకోగలిగేది ఏముంది? ఆ ఆవిరి బయటికి పోవడానికి దారి ఉందా, గోడలు వెచ్చగా ఉన్నాయా అన్నదే నేను చూస్తాను. ఫ్యాను, గోడ ఇన్సులేషను, హీటింగ్ సిస్టమ్, ఇవన్నీ ఇంటి యజమాని చేతిలో ఉండేవి.

లెక్క చూడండి. గదిలో 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉందనుకుందాం. (గాలి మోయగల నీటిలో ఎంత శాతం ఉందో అదే తేమ శాతం. గాలి చల్లబడితే అది పెరుగుతుంది.) 12 డిగ్రీలున్న కిటికీ గాజుకు ఆ గాలి తగిలితే చెమట పడుతుంది. బూజుకు అంత నీరు కూడా అక్కర్లేదు. గోడను అంటుకుని ఉన్న గాలిలో తేమ 80 శాతం దగ్గర కొన్నాళ్లు నిలిస్తే చాలు. అదే గదిలో గోడ మూల 15 డిగ్రీలకు పడిపోతే ఆ పరిస్థితి వచ్చేసినట్టే. చేతితో తడిమితే పొడిగానే ఉంటుంది. బూజు మాత్రం మొలుస్తుంది.

ఒక ఫ్లాట్ గురించి చెప్తాను. 1960ల నాటి కాంక్రీట్ బ్లాకు, ఆరో అంతస్తు. పడకగదిలో వార్డ్‌రోబ్ ముందుకు లాగితే వెనక చెక్క ఉబ్బిపోయి పొరలు పొరలుగా ఊడొచ్చింది. కింది అరలో పాప స్కూలు బూట్ల మీద పచ్చటి నూగు. గోడ మధ్యలో 16 డిగ్రీలు, నేల దగ్గర మూలలో 11. బాల్కనీ శ్లాబు సరిగ్గా అక్కడే గోడలోంచి లోపలికి వస్తుంది. బయటి చలిని నేరుగా గదిలోకి మోసుకొచ్చే ఇలాంటి చోటును మేం కోల్డ్ బ్రిడ్జ్ అంటాం. తర్వాత బాత్రూమ్‌కి వెళ్లాను. ఫ్యాను బాగానే మోగుతోంది. గ్రిల్‌కి ఒక టాయిలెట్ పేపర్ ముక్క ఆనించి చూశాను. ఫ్యాను గాలిని సరిగ్గా లాగుతుంటే అది అతుక్కుని నిలవాలి. నిలవలేదు, నేల మీద పడింది. సీలింగ్ ప్యానెల్ తీసి చూస్తే ఫ్యాను నుంచి బయటికి వెళ్లాల్సిన గొట్టం ఊడిపోయి పక్కన పడి ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ ఆవిరి చాలావరకు గదిలోనే ఉండిపోతోంది, ఫ్యాను లాగే ఆ కాస్తా సీలింగులోకే పోతోంది. అంతకుముందు వచ్చినవాళ్లు ఎవరూ ఆ ప్యానెల్ తీయలేదు. "గాలి ఆడేలా చూసుకోండి" అనే కరపత్రం ఇచ్చి వెళ్లారు. అక్కడ అద్దెకున్న ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుని, అక్షరం పొల్లుపోకుండా పాటిస్తూ వస్తోంది.

ఈ అపోహ ప్రాణం కూడా తీసింది. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇషాక్ అనే పిల్లవాడు 2020 డిసెంబరులో, రెండో పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే చనిపోయాడు. బూజు గురించి తండ్రి 2017లోనే ఫిర్యాదు చేశాడు. హౌసింగ్ సంస్థవాళ్లు దాని మీద పెయింట్ వేసుకోమన్నారు. ఇంట్లో ఎంతోకాలం బూజు పీల్చడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాస సమస్యతోనే బాబు పోయాడని 2022 నవంబరులో, మరణ కారణాలు విచారించే అధికారి అయిన కరోనర్ తేల్చారు. ఆ కుటుంబం సూడాన్ నుంచి వచ్చింది. వాళ్ల జీవనశైలి గురించి ఏవేవో ఊహించుకున్నామని హౌసింగ్ సంస్థే తర్వాత ఒప్పుకుంది. పరాయి దేశం నుంచి వచ్చిన మనలాంటివాళ్లం ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. "మీ వంటల ఆవిరే కారణం" అని ఎవరైనా అంటే, ముందు ఫ్యాను గొట్టం చూపించమని అడగండి. బూజు "జీవనశైలి ఎంపికల" ఫలితం కాదని 2023లో ప్రభుత్వ మార్గదర్శకాలే స్పష్టంగా చెప్పాయి.

అపోహ: బయట వాన పడుతుంటే కిటికీ తీయకూడదు, తేమ లోపలికి వస్తుంది.

వాస్తవం: చల్లటి గాలి నీటిని ఎక్కువ మోయలేదు. బయట 5 డిగ్రీలు, తేమ 90 శాతం ఉన్నా ఘనపు మీటరు గాలిలో ఉండే నీరు 6 గ్రాములే. ఆ గాలే మీ గదిలోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ 35 శాతం. లోపల అప్పటికే 60 శాతం ఉంటే ఘనపు మీటరుకు పది గ్రాములకు పైనే నీరుంటుంది. కాబట్టి వానలో కూడా స్నానం తర్వాత పది నిమిషాలు కిటికీ బార్లా తీస్తే ఇల్లు పొడిబారుతుంది. రోజంతా తీసి ఉంచి గోడల్ని చల్లార్చొద్దు. కిటికీ పైభాగంలో ఉండే సన్నటి గాలి సందుల్ని, అంటే ట్రికిల్ వెంట్‌లను, మాత్రం మూయకండి. వాటి మీదుగా పెయింట్ వేసేసిన ఇళ్లు ఎన్నో చూశాను.

అపోహ: ఫ్యాన్ కరెంటు తినేస్తుంది.

వాస్తవం: ఎప్పుడూ నెమ్మదిగా తిరిగే కొత్తరకం ఫ్యాన్లు ఐదు వాట్ల లోపే వాడతాయి. రోజంతా తిరిగినా మూడు నాలుగు పెన్నీలు. స్విచ్ ఆపకండి.

అపోహ: ఒక్క గదిలో హీటర్ వేసుకుని మిగతా గదులు మూసేస్తే ఆదా.

వాస్తవం: బిల్లుల భయం నాకు అర్థమవుతుంది. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ ఆవిరి తలుపు సందుల్లోంచి చల్లటి గదికే చేరి అక్కడి గోడకు పడుతుంది. కొద్దికొద్దిగానైనా అన్ని గదులూ 18 డిగ్రీల దగ్గర ఉంటే మేలు. పోర్టబుల్ గ్యాస్ హీటర్ మాత్రం అస్సలు వద్దు. కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైగా నీరు మీ గదిలోకే ఆవిరిగా వస్తుంది. హీటింగుకు డబ్బు చాలకపోతే అది కూడా హౌసింగ్ ఆఫీసరుకు చెప్పండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: బ్లీచ్ కొడితే బూజు చచ్చిపోతుంది.

వాస్తవం: బ్లీచ్ రంగును పోగొడుతుంది. టైల్స్ మీద పనిచేస్తుంది కానీ ప్లాస్టరు లోపలికి దిగిన బూజును పూర్తిగా తీయలేదు. దాన్ని వేరే క్లీనర్లతో కలిపితే విషవాయువు పుట్టొచ్చు. బూజు కోసమే తయారైన ఫంగిసైడల్ వాష్ వాడండి. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. పొడి బ్రష్‌తో గీకితే విత్తనాల్లాంటి బూజు కణాలు ఇల్లంతా ఎగురుతాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు. యాంటీ మౌల్డ్ పెయింట్ శుభ్రం చేసిన గోడకు కొంత తోడు. బూజు మీదే వేస్తే కొన్ని వారాల్లో మళ్లీ పైకి వస్తుంది.

అపోహ: నల్ల బూజు ఒక్కటే ప్రమాదం.

వాస్తవం: రంగును బట్టి ప్రమాదం తెలియదు. ల్యాబ్ టెస్టుకు డబ్బు పెట్టకండి. ఏ రంగుదైనా పసిపిల్లలకు, ఆస్తమా వాళ్లకు, పెద్దవాళ్లకు చేటే.

అపోహ: గోడలో తడి కొలిచే మీటరు ఎర్రగా చూపిస్తే అది నేల నుంచి ఎక్కిన నెమ్మే.

వాస్తవం: ఆ పిన్నుల మీటరు చెక్క కోసం చేసింది. ప్లాస్టరులో ఉప్పు ఉన్నా ఎక్కువే చూపిస్తుంది. ఆరో అంతస్తుకు నేల నెమ్ము ఎక్కదు. అక్కడ తడి ఉంటే పైపు లీకో, వాన నీరో, గాలిలో ఆవిరి చల్లటి గోడకు చెమటగా పట్టే కండెన్సేషనో అయి ఉండాలి.

అపోహ: కండెన్సేషన్‌కి హౌసింగ్ సంస్థ బాధ్యత లేదు.

వాస్తవం: ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది. 1980లలో వచ్చిన ఒక కోర్టు తీర్పు ప్రకారం, కట్టడం పాడైతేనే అది రిపేరు కిందికి వచ్చేది, డిజైను లోపంతో పట్టే చెమట రాదు. అద్దె ఇల్లు మనుషులు ఉండదగ్గదిగా ఉండాలని 2018లో చేసిన ఫిట్‌నెస్ ఫర్ హ్యూమన్ హ్యాబిటేషన్ చట్టం ఆ సందును మూసేసింది. ఇప్పుడు అవాబ్ పేరుతోనే చట్టం ఉంది. ఇంగ్లండ్‌లోని సోషల్ ల్యాండ్‌లార్డ్‌లకు, అంటే కౌన్సిళ్లకు, హౌసింగ్ అసోసియేషన్లకు, 2025 అక్టోబరు 27 నుంచి అది అమల్లోకి వచ్చింది. అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో చూసి ఇంటిని సురక్షితం చేయాలి. ఆరోగ్యానికి గణనీయమైన ముప్పు ఉన్న నెమ్ము, బూజు అయితే 10 పనిదినాల్లో తనిఖీ చేయాలి. తనిఖీ ముగిశాక 3 పనిదినాల్లో ఏం కనుక్కున్నారో రాతపూర్వకంగా మీకివ్వాలి, 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. అలా చేయలేకపోతే వాళ్ల ఖర్చుతో వేరే వసతి చూపాలి.

ఫిర్యాదు ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. ఈమెయిల్ పెట్టండి. తేదీతో ఫోటోలు, ఇంట్లో ఎవరికి దగ్గు, ఆస్తమా ఉన్నాయో, పిల్లల వయసు రాయండి. పది పౌండ్లకు దొరికే, గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ కొని ఉదయం, రాత్రి అంకెలు రాసుకోండి. తనిఖీకి వచ్చినవాళ్లతో టాయిలెట్ పేపర్ పరీక్ష మీ ముందే చేయించండి. ఫిర్యాదు విభాగం నుంచి తుది జవాబు వచ్చాక కూడా న్యాయం జరగలేదనిపిస్తే, ఇలాంటి ఫిర్యాదుల్ని స్వతంత్రంగా విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు.

ఆ ఆరో అంతస్తు ఫ్లాట్‌లో గొట్టం బిగించి, కొత్త ఫ్యాను పెట్టి, మూల గోడకు లోపలినుంచి ఇన్సులేషన్ బోర్డు వేయించాం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గదిలో తేమ 68 శాతం. మూడు వారాల తర్వాత ఆవిడ తన హైగ్రోమీటర్ ఫోటో పంపింది. దాని మీద 54 ఉంది.