అటక మీది ఎయిర్‌గన్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత ఎయిర్‌గన్లు బాగుచేస్తుంటాను. తాతగారి అటక మీంచి దించిన తుపాకీ తెచ్చి "దీనికింకా దమ్ముందా?" అనడిగేవాళ్లే ఎక్కువ. చుట్టి తెచ్చిన గుడ్డ విప్పితే జర్మనీ డయానా 27 కనిపించినా, 1959లో మొదలైన బర్మింగ్‌హామ్ బీఎస్ఏ మీటియర్ కనిపించినా నాకు ఆ పూట పండగే.

అపోహ: దెబ్బ గట్టిగా ఉంటేనే మంచి తుపాకీ.
డయానా 27 బలం పది జూళ్లు (దెబ్బ శక్తికి కొలత) కూడా దాటదు. అందుకే బ్యారెల్ (గొట్టం) కిందికి మడిచి లోపలి స్ప్రింగ్‌ని ఎక్కుపెట్టడం తేలిక, యాభై ఛర్రాలు (చిన్న సీసపు గుళ్లు) కొట్టినా భుజం నొప్పెట్టదు. పది మీటర్ల దూరంలోని కాగితం గురికి అంతకన్నా బలం దేనికి? దాని ట్రిగ్గర్ లోపల మూడు ఉక్కు గోళీలుంటాయి. వాటి పనితనం ఇవాళ్టి చవక తుపాకుల్లో నాకు దొరకలేదు.

అపోహ: ఎయిర్‌గన్‌కి లైసెన్సే అక్కర్లేదు.
4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జూళ్ల లోపు బలం ఉంటేనే. 2016 ఆయుధ నియమాల్లోని హద్దు అది. పాతవాటిలో 5.5 బోరువీ ఉంటాయి. ముందు అది చూసుకోండి.

అపోహ: జాతరలో బుడగల కొట్టువాడు కావాలనే గురి తప్పిస్తాడు.
ఏమో, వాడి మనసు నాకు తెలియదు. కానీ బ్యారెల్ మడిచి ఉండగా ఎవరో ట్రిగ్గర్ నొక్కుతారు, అది ఫట్మని మూసుకుని పైకి వంగుతుంది. ఇక ఛర్రా పైకే పోతుంది. కాస్త కిందికి గురిపెట్టి చూడండి. (మడిచినప్పుడు బ్యారెల్ వదలకండి, వేళ్లు పోతాయి.)

అపోహ: బలం తగ్గితే నూనె పోయాలి.
ఛర్రాను తోసేది స్ప్రింగ్ కాదు. స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఛర్రాను తోస్తుంది. అంత నొక్కుడులో గాలి బాగా వేడెక్కుతుంది. అక్కడ కుట్టుమిషన్ నూనె ఉంటే భగ్గున మండుతుంది. మొన్న ఓ కుర్రాడు తెచ్చిన డయానా పేల్చగానే పొగ, మాడు వాసన. విప్పితే పిస్టన్ తలకున్న తోలు వాషర్ మాడిన అప్పడంలా పొడిపొడిగా రాలింది. కొత్త తోలు గుండ్రంగా కోసి, నీళ్లలో నానబెట్టి, అచ్చులో గిన్నెలా నొక్కి ఆరబెట్టాను. సాయంకాలం కూర్చుని చేసుకునే పని. ఈ తుపాకులు నాకిష్టమయ్యింది అందుకే.

అపోహ: గట్టిగా బిగించి పట్టుకుంటే గురి కుదురుతుంది.
ఛర్రా బయటపడేలోపే తుపాకీ మొదట వెనక్కి, తర్వాత ముందుకి కుదుపుతుంది. బిగించారా, ప్రతిసారీ ఒక్కోలా ఎగురుతుంది. ఆ కుర్రాడూ మొదట అలాగే పట్టుకున్నాడు, ఛర్రాలు కాగితమంతా చెదిరాయి. "అరచేతిలో నిద్రపోయే పిల్లిని పెట్టుకున్నట్టు పట్టుకోరా" అన్నాను. ఆ తర్వాతి ఐదు చిల్లులనీ రూపాయి బిళ్ల కప్పేసింది.