మన ఊరికా, దేశం కాని దేశానికా? చిత్తూరు గడ్డ మీద విరాళాల కథ

ఎక్కడో భూకంపం వచ్చిందనో యుద్ధం జరుగుతోందనో టీవీలో చూసి నాలుగు రూపాయలు పంపుదామంటే, తిరుపతిలో ఎవరో ఒకరు అడ్డు తగులుతారు. ‘ఇక్కడ ఆసుపత్రి గేటు ముందే అన్నం లేనివాళ్లు ఉంటే అక్కడికి ఎందుకు?’ అంటారు. ‘తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం’ అన్న సామెత కూడా గుర్తు చేస్తారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఒకప్పుడు పరాయి దేశాల దాతలకు మనమే ‘దేశం కాని దేశం’ అన్న సంగతి అందులో మరుగున పడుతోంది.

అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. అక్కడి క్షయ ఆసుపత్రికి 1912లో పునాది పడింది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. పలు క్రైస్తవ మిషన్లు కలిసి దాన్ని నడిపాయి. అప్పటికి క్షయకు మందే లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఇదే వైద్యం. మిషన్లకు డబ్బిచ్చిన విదేశీయుల్లో చాలామంది మదనపల్లెను చూసి ఉండరు. వాళ్లను కదిలించింది వాళ్ల మతవిశ్వాసమే, అందులో దాపరికం అక్కర్లేదు. అయినా ఆ మంచాల మీద పడుకుని దగ్గినది మన జనమే. 1948లో దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు మొదలైనప్పుడు తొలి అడుగు పడిన చోట్లలో మదనపల్లె ఒకటి. దూరపు దానం ఎంత పని చేస్తుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇంటి దానం దీనికన్నా పాతది. కాణిపాకం బ్రహ్మోత్సవాలకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే ఉభయదారులు, అంటే ఖర్చు భరించే దాతలు. తరిగొండలో పుట్టిన వెంగమాంబ 18వ శతాబ్దంలోనే తిరుమలలో అన్నదానం చేయించిందని చెబుతారు. ఇప్పుడు కొండ మీద భోజనశాలకు ఉన్నది ఆమె పేరే. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1985 ఏప్రిల్‌లో, తితిదే నిత్యాన్నదాన పథకం మొదలైంది. దానికి అమెరికాలోని తెలుగువాళ్లూ విరాళాలు ఇస్తారు. వాళ్ల మనసులో అది ఇంటికి పంపే డబ్బే.

చట్టం లెక్క వేరు. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2010లో ఇంకొకటి తెచ్చారు. ఒక ఇంట్లో అన్న ఇండియన్ పాస్‌పోర్టుతోనే అమెరికాలో ఉన్నాడనుకోండి, చెల్లెలు అక్కడి పౌరసత్వం తీసుకుందనుకోండి. ఇద్దరూ తమ ఊళ్లోని ఒకే ట్రస్టుకు డబ్బు పంపితే అన్నది స్వదేశీ విరాళం, చెల్లెలిది విదేశీ విరాళం. ఆమె డబ్బు తీసుకోవాలంటే ఆ ట్రస్టుకు కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి.

2020 సవరణ ఇంకా గట్టిది. విదేశీ విరాళం ఏదైనా ముందు ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో పడాలి. అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చులకు 50 శాతం దాకా వాడుకునే వీలు 20 శాతానికి తగ్గింది. డబ్బు దారి తప్పకుండా చూడాలనడం సరైనదే. కానీ పెద్ద సంస్థ నుంచి కుప్పం, పలమనేరు పల్లెల్లోని చిన్న సంస్థకు చేరే దారి దాంతో మూసుకుపోయింది. దెబ్బ తగిలింది ఎవరికంటే ఢిల్లీ దాకా వెళ్లి అనుమతి తెచ్చుకోలేనివాళ్లకు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఇక మనం బయటికి ఇవ్వడం సంగతి. విరాళం ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు ఇక్కడ నమోదైన సంస్థలకు ఇస్తేనే. ఇక్కడి ట్రస్టు బయటి దేశంలో ఖర్చు పెట్టాలంటే, ప్రత్యేక అనుమతి లేకపోతే ఆ మొత్తానికి పన్ను రాయితీ పోతుంది. 2014 నుంచి అమల్లో ఉన్న సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిబంధన ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం దేశంలోనే, అందులోనూ తాము ఉన్న ప్రాంతానికి ముందు చోటిచ్చి ఖర్చు పెట్టాలి. సత్యవేడు దగ్గరి శ్రీసిటీ పారిశ్రామికవాడలోని విదేశీ కంపెనీలకూ ఇదే వర్తిస్తుంది. ఆ చుట్టుపక్కల బడులకు అది మేలే.

కాబట్టి ‘మనవాళ్లకు ఇంటి మీదే ప్రేమ’ అని తేల్చేయడం తొందరపాటు. సొంత డబ్బు బయటికి పంపే వీలు మనుషులకు లేకపోలేదు. 2004లో రిజర్వు బ్యాంకు తెచ్చిన పథకం కింద విరాళం కూడా పంపొచ్చు. బ్యాంకుకు వెళ్లి ఫారం నింపాలి, పాన్ చూపాలి, చార్జీలు కట్టాలి, మినహాయింపు రాదు. 2023లో టర్కీ భూకంపం చూసి కడుపు తరుక్కుపోయి వెయ్యి రూపాయలు తీసిన మనిషి నేరుగా అక్కడి సంస్థకు పంపాలనుకున్నా, అతని ముందున్న దారి ఇదే.