మీటరు అంకె పక్కన ఉష్ణోగ్రత రాశారా? బ్యాటరీ పరీక్షల్లో అపోహలు - వాస్తవాలు

అమలాపురం నుంచి భీమవరం దాకా నా పనంతా బ్యాటరీల చుట్టూనే తిరుగుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద జనరేటర్లు, రైసు మిల్లులు, ఇళ్లలోని ఇన్వర్టర్లు, ట్రాక్టర్లు, ఈ మధ్య ఎలక్ట్రిక్ ఆటోలు: వీటి బ్యాటరీలను పరీక్షించి, ఉంచాలో మార్చాలో చెప్పడం నా వృత్తి. ఈ పనిలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం పరికరం చెడిపోవడం వల్ల జరిగినవి కావు. పరీక్ష చేసిన వేళ బ్యాటరీ ఎంత వేడిగా ఉందో, పరికరం ఎంత వేడిగా ఉందో ఎవరూ అడగకపోవడం వల్ల జరిగినవి. మన దేశంలో లెడ్ యాసిడ్ బ్యాటరీల లెక్కలు 27 డిగ్రీల సెల్సియస్‌ను ఆధారం చేసుకుని వేస్తారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రేకుల షెడ్డులోని బ్యాటరీ 45 డిగ్రీలకు చేరుతుంది, సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున అదే బ్యాటరీ 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ రెండు వేళల్లో వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

అపోహ: మధ్యాహ్నం టెస్టర్ "బాగుంది" అని చూపిస్తే ఆ బ్యాటరీ రాత్రికీ పనిచేస్తుంది.

వాస్తవం: వేడెక్కిన బ్యాటరీలో యాసిడ్ ద్రావణం విద్యుత్తును సులువుగా పోనిస్తుంది, పలకల మీద రసాయన చర్య వేగంగా జరుగుతుంది, లోపలి నిరోధం తగ్గుతుంది. చేతిలో పట్టుకునే డిజిటల్ టెస్టర్ కొలిచేది సరిగ్గా ఆ నిరోధాన్నే (లేదా దాని తలకిందుల రూపమైన వాహకతను), దాని నుంచే అది స్టార్టింగ్ ఆంపియర్లను అంచనా కడుతుంది. అందువల్ల అరిగిపోయిన బ్యాటరీ కూడా ఎండ వేళ ఆరోగ్యంగా కనిపిస్తుంది. కొన్ని టెస్టర్లు ఉష్ణోగ్రత గురించి ఒకే ఒక ప్రశ్న అడుగుతాయి: సున్నా డిగ్రీలకు పైనా, కిందా? మన ప్రాంతంలో ఆ ప్రశ్నకు ఏడాది పొడవునా ఒకటే జవాబు కాబట్టి, 20 డిగ్రీల బ్యాటరీకీ 45 డిగ్రీల బ్యాటరీకీ అలాంటి టెస్టర్ దృష్టిలో తేడా ఉండదు.

ఈ సంగతి నాకు పుస్తకం కంటే ముందు ఒక రొయ్యల రైతు నేర్పారు. సంక్రాంతి వెళ్లిన వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు, పడమటి ఎండ తగిలే రేకుల షెడ్డులో ఆయన జనరేటర్ బ్యాటరీని పరీక్షించి బాగుందని చెప్పి వచ్చాను. రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు పోయింది. చెరువులో ప్రాణవాయువు అతి తక్కువగా ఉండే వేళ అది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య నీటి పైకి తేలడానికి ఎంతో సేపు పట్టదు. జనరేటర్ సెల్ఫ్ కొట్టగానే మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. చల్లబడిన బ్యాటరీ శక్తి తగ్గింది, చల్లబడిన ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటారు మీద భారం పెరిగింది. ట్రాక్టర్ బ్యాటరీ ఊడదీసి తెచ్చి పెట్టుకుని ఆయన ఆ పూట పంటను కాపాడుకున్నారు. పొద్దున్నే ఫోన్ చేసి, "మొన్న మీరే కదండీ బాగుందన్నారు" అని ఒక్క మాట అన్నారు. అప్పటి నుంచి చెరువు గట్టు బ్యాటరీలను నేను సూర్యోదయానికి ముందే పరీక్షిస్తున్నాను. అది కుదరని చోట, మధ్యాహ్నపు ఫలితం అంచు మీద ఉంటే దాన్ని ఫెయిల్ కిందే లెక్కిస్తున్నాను.

అపోహ: వేసవిలో గ్రావిటీ తక్కువ చూపిస్తే యాసిడ్ పోయాలి.

వాస్తవం: మన ఊళ్లలో బ్యాటరీలకు అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్న నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. గ్రావిటీ అంటే నీటితో పోలిస్తే యాసిడ్ ద్రావణం ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె, దాన్ని హైడ్రోమీటర్‌తో కొలుస్తాం. వేడికి ద్రావణం వ్యాకోచించి పలచబడుతుంది, హైడ్రోమీటర్ బుడ్డి కాస్త లోతుగా మునుగుతుంది, రీడింగ్ తగ్గుతుంది. ఆ సమయంలో ద్రావణంలో యాసిడ్ వంతు మాత్రం మారలేదు. 27 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకీ 0.0007 చొప్పున రీడింగ్‌కు కలపాలి, కిందనైతే అంతే తీసివేయాలి. ఉదాహరణకు 43 డిగ్రీల దగ్గర 1.230 కనిపించిందనుకోండి. పదహారు డిగ్రీల తేడాకు 0.011 కలిపితే అసలు విలువ 1.241 అవుతుంది. ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీల పూర్తి చార్జింగ్ విలువ సాధారణంగా 1.240 దరిదాపుల్లోనే ఉంటుంది, అంటే ఆ బ్యాటరీకి ఏ లోపమూ లేదు. తక్కువ చూపించింది కదా అని యాసిడ్ పోస్తే పలకలు, వాటిని విడదీసే సెపరేటర్లు తొందరగా దెబ్బతింటాయి, పోసిన యాసిడ్‌ను ఆ తర్వాత వెనక్కి తీయడం తేలిక కాదు. తగ్గేది నీరే కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. పోసిన వెంటనే కొలవకూడదు. కొత్త నీరు పైనే తేలి ఉంటుంది కనుక, చార్జింగ్‌లో బాగా కలిసిన తర్వాతే రీడింగ్ తీసుకోవాలి.

అపోహ: లోడ్ టెస్టులో 9.6 వోల్టుల పైన నిలబడితే చాలు.

వాస్తవం: ప్రకటించిన కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లలో (గడ్డకట్టే చలిలో ఇంజిన్ తిప్పడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు) సగం లోడు 15 సెకన్లు వేసినప్పుడు 9.6 వోల్టులకు తగ్గకూడదన్న నియమం సుమారు 21 డిగ్రీల బ్యాటరీకి చెప్పినది. చల్లని దేశాల వారు ఆ హద్దును ఉష్ణోగ్రతతో పాటు కిందికి దించుకుంటారు. 10 డిగ్రీల దగ్గర 9.4 వోల్టులు చాలంటారు. మనకు ఎదురయ్యేది దానికి తలకిందులైన పరిస్థితి. 42 డిగ్రీల బ్యాటరీ 9.7 దగ్గర నిలిస్తే దాన్ని పాస్ అనడానికి నాకు మనసొప్పదు. పరికరం మాట కూడా చెప్పుకోవాలి: లోడ్ టెస్టర్‌లోని తీగ చుట్టలు ఒక్క పరీక్షకే చేయి పెట్టలేనంత కాలుతాయి, వరసగా నాలుగు బ్యాటరీలను పరీక్షిస్తే చివరిదానికి పడే లోడు మొదటిదానికి పడినంత ఉంటుందని నమ్మలేము. మధ్యలో చల్లారనివ్వాలి. చార్జింగ్ నుంచి అప్పుడే తీసిన బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉంటుంది, గాలిలో అది 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. గాలి ఆడని గదిలో లోడ్ టెస్ట్ చేయవద్దు.

అపోహ: డిజిటల్ మీటరు అంకె ఎండకూ వానకూ మారదు.

వాస్తవం: చాలా మల్టీమీటర్ల కచ్చితత్వం 23 డిగ్రీలకు అటూ ఇటూ 5 డిగ్రీల లోపే వర్తిస్తుందని వాటి పుస్తకంలోనే ఉంటుంది. ఆ పరిధి దాటిన ప్రతి డిగ్రీకీ, చెప్పిన లోపంలో పదో వంతు అదనంగా కలుపుకోవాలని రాసి ఉండడం మామూలు. అర శాతం లోపం ఉండే మీటరును 43 డిగ్రీల ఎండలో వాడితే, 28 దాటిన పదిహేను డిగ్రీలకు ఆ లోపం గరిష్ఠంగా 1.25 శాతం దాకా పోవచ్చు. 12.6 వోల్టుల దగ్గర అది 0.16 వోల్టు. నిండు చార్జింగ్‌కూ సగం చార్జింగ్‌కూ మధ్య తేడాయే అర వోల్టుకు మించని చోట ఇది చిన్న సంగతి కాదు. ఏ లోడూ లేనప్పటి బ్యాటరీ వోల్టేజీ మాత్రం వేడికి దాదాపు మారదు, 20 డిగ్రీల తేడాకు ఒక వోల్టులో నలభయ్యో వంతు మారితే ఎక్కువ. "ఎండకు వోల్టేజీ పడిపోయింది" అని ఎవరైనా అంటే నేను ముందుగా మీటరును నీడలోకి తెస్తాను, ఆ తర్వాత మీటరు సొంత బ్యాటరీని చూస్తాను.

అపోహ: పరికరాలను ఏసీ గదిలో దాచి, అవసరమైనప్పుడు తీసుకెళ్లడమే మేలు.

వాస్తవం: దాచడం మంచిదే, తీసిన మరుక్షణం వాడడం మంచిది కాదు. వర్షాకాలంలో సముద్రం దగ్గరి మన గాలిలో తేమ ఎంతగా ఉంటుందంటే, 22 డిగ్రీల గదిలోంచి బయటకు తెచ్చిన టెస్టర్ మీద చల్లని మంచినీళ్ల గ్లాసు మీద పట్టినట్టే చెమ్మ పడుతుంది. అదే చెమ్మ లోపలి బోర్డు మీదా పడి అంకెలను తారుమారు చేస్తుంది, కాలం గడిచే కొద్దీ కాంటాక్టులను చిలుముపట్టిస్తుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి, బయటి వేడికి అలవాటు పడిన తర్వాతే తెరవండి. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు; తెర నల్లబడిన టెస్టర్లు నా దగ్గరికి అలాగే వస్తుంటాయి.

అపోహ: లిథియం బ్యాటరీలకు ఈ బాధ లేదు.

వాస్తవం: ఉంది. వాటి లోపలి నిరోధమూ వేడికి తగ్గి, చలికి పెరుగుతుంది.

అపోహ: టెర్మినల్ మీద లేజర్ థర్మామీటర్ పెడితే బ్యాటరీ ఉష్ణోగ్రత తెలిసిపోతుంది.

వాస్తవం: మెరిసే లోహం తన వేడిని తక్కువగా వెలువరించి, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది కనుక అక్కడ వచ్చే అంకెను నమ్మకూడదు. నల్లని ప్లాస్టిక్ పెట్టె పక్క గోడ మీద, ఎండ తగలని వైపున, ద్రావణం మట్టానికి దిగువన కొలవండి. అదీ పైతోలు వేడే. యాభై కిలోలు దాటే ఇన్వర్టర్ బ్యాటరీ ఒక వేడి నుంచి ఇంకో వేడికి పూర్తిగా మారడానికి గంటలు పడుతుంది కాబట్టి, లారీ దిగిన బ్యాటరీని ఒక రాత్రి నీడలో ఉంచిన తర్వాతే నేను ముట్టుకుంటాను. మూతలు తీయగలిగే బ్యాటరీ అయితే మధ్య సెల్‌లో గాజు థర్మామీటర్ ముంచి, రెండు నిమిషాలు ఆగి చదివి, వోల్టేజీ, గ్రావిటీ గడుల కంటే ముందున్న గడిలో ఆ అంకెను రాసుకుంటాను.