కుండకు పట్టే చెమట

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు వసారాలోని కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకుని తాగి, కుండ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "తాతయ్యా, దీనికి వైరు లేదు కదా, మరి ఏ కరెంటుతో చల్లబడుతోంది?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. జవాబు తనొక్కదానికే చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక మీ అందరికీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

బాగా ఆడి వచ్చి, ఒళ్ళంతా చెమటతో ఫ్యాను కింద నిలబడితే ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసు. చెమట ఆరుతూ మన ఒంటి వేడిని తనతో పట్టుకుపోతుంది. కుండ చేసేదీ ఆ పనే. కాల్చిన మట్టి గట్టిగా కనిపించినా దాని నిండా కంటికి ఆనని సన్నని రంధ్రాలుంటాయి. లోపలి నీళ్ళు కొద్దికొద్దిగా వాటి గుండా పైకి ఊరి, గాలికి ఆరిపోతూ, మిగిలిన నీళ్ళలోని వేడిని లాగేస్తాయి. ఆ వేడి తక్కువేమీ కాదు. మంచులా చల్లగా ఉన్న లీటరు నీళ్ళను మరిగేదాకా కాచడానికి ఎంత వేడి పడుతుందో, మరిగిన ఆ లీటరూ పూర్తిగా ఆవిరైపోవడానికి దానికి అయిదు రెట్లకు పైగా పడుతుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఉగాదికి ముందు మా ఇంటి తలుపులకు ఆకుపచ్చ రంగు వేయించారు. డబ్బా అడుగున మిగిలిన రంగును, ఎవరూ చూడకుండా, అప్పుడే సంతలో కొని తెచ్చిన కొత్త కుండకు రెండు పూతలు పూశాను. అది ఎంత అందంగా మెరిసిందో ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. రంగు ఆరాక నాయనమ్మ అందులో నీళ్ళు పోసింది. మధ్యాహ్నం పొలం నుంచి వచ్చిన నాన్న ఒక్క గుక్క తాగి, చెంబు కింద పెట్టి, "ఇవి కాచిన నీళ్ళలా ఉన్నాయేమిటి?" అన్నారు. నాయనమ్మ కుండ పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఎక్కడా తడి లేదు. "కుండకు చెమట పట్టకుండా చేశావు కదరా నాయనా" అంది. తిట్టలేదు. ఆ కుండలో కందిపప్పు పోసుకుని చాలా ఏళ్ళు వాడుకుంది. కుండ గొప్పతనమంతా దాని రంధ్రాలలోనే ఉందని ఆ రోజే నాకు అర్థమైంది.

ఇప్పుడు ఢిల్లీని ఆనుకుని ఉన్న నోయిడాకు వెళదాం. అక్కడి డెకి ఎలక్ట్రానిక్స్ అనే కర్మాగారంలో డీజిల్ జనరేటరు వదిలే వేడిగాలి పనివాళ్ళ మీదికి కొట్టేది. మోనిష్ సిరిపురపు స్థాపించిన యాంట్ స్టూడియో అనే వాస్తుశిల్పుల బృందం ఆ గాలికి ఎదురుగా వందలాది మట్టి గొట్టాలను ఇనుప చట్రంలో తేనెపట్టులా పేర్చింది. దానికి వాళ్ళు పెట్టిన పేరూ 'బీహైవ్' అనే. పైనుంచి నీళ్ళు జారవిడిస్తే మట్టి తడుస్తుంది, గొట్టాల గుండా దూరిన వేడిగాలి ఆ తడిని ఆర్పుతూ తాను చల్లబడుతుంది, కిందికి చేరిన నీళ్ళను చిన్న పంపు మళ్ళీ పైకి ఎక్కిస్తుంది. 50 డిగ్రీలు దాటిన గాలి ఇవతలికి వచ్చేసరికి 36 డిగ్రీలకు దిగిందని వాళ్ళు కొలిచి చెప్పారు. గొట్టం ఎంత లావుండాలి, ఎంత పొడవుండాలి, ఎలా పేరిస్తే గాలికి తడి మట్టి ఎక్కువగా తగులుతుంది అనే లెక్కలు కంప్యూటరుతో కట్టారు. మట్టి మాత్రం మన కుండ మట్టిలాంటిదే. ఇంత కొత్త యంత్రవిద్య వచ్చి మళ్ళీ కుమ్మరి ఆవం దగ్గరే నిలబడిందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

అయితే మనకు ఉక్కపోసినట్లే కుండకూ ఉక్కపోస్తుంది. రెంటచింతల పొడి ఎండలో గజగజలాడించేంత చల్లని నీళ్ళిచ్చే కుండ, సముద్రపు తేమ నిండిన బందరు గాలిలో అంతగా చల్లబరచలేదు. అప్పటికే తడిసి ఉన్న గాలికి ఇంకా తడిని పీల్చుకునే చోటు ఎక్కడుంటుంది? నోయిడా గొట్టాలకైనా అంతే, మే నెలలో ఉన్న బలం వానాకాలంలో ఉండదు. చెమట ఆరిన చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు మిగిలినట్లే, కుండ మీద కూడా నీళ్ళలోని ఉప్పు పేరుకుని రంధ్రాలను పూడ్చేస్తుంది. అందుకే నాయనమ్మ ఏటేటా కొత్త కుండ కొని, పాతదాన్ని పిచ్చుకలకు నీళ్ళు పెట్టడానికి పెరట్లో ఉంచేది. మీరు కుండ కొనేటప్పుడు మెరుపు చూసి ముచ్చటపడకండి. రంగు పూయని దాన్ని అడిగి, దుకాణంలోనే నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, మట్టి వాటిని పీలుస్తుందో లేదో చూసి తీసుకోండి.

ఇక మీకో పని. ఒక కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళలో నాననివ్వండి. తరువాత అందులోనూ ఒక స్టీలు బిందెలోనూ సరిగ్గా మూడేసి లీటర్లు కొలిచి పోసి, మూతలు పెట్టి, రాత్రి గాలి తగిలే కిటికీ దగ్గర ఉంచండి. తెల్లవారగానే ముందు రెండింటి పొట్టల మీదా చేతులు ఆనించి చూడండి. తరువాత నీళ్ళను మళ్ళీ కొలవండి. కుండలో ఎన్ని గ్లాసులు తగ్గాయో, ఆ రాత్రి మీ ఊళ్ళో గాలి ఎలా ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య