పిల్లి ఏడిళ్ళు ఎందుకు తిప్పుతుంది?

చిరంజీవులు అమ్మలుకి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

అమ్మలూ, నిన్న ఫోన్లో నువ్వడిగిన మాట రాత్రంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. నాన్నకి భీమవరం బదిలీ అయింది, ఫోటోల్లో నాలుగు ఇళ్ళు చూశారు, ఒకదాని బాల్కనీలో ఉయ్యాల కూడా ఉంది. "ఏది మంచి ఇల్లో ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అన్నావు. ఫోటోలో తెలియదమ్మా. వెళ్ళినా ఒక్కసారికి తెలియదు. ఎందుకు తెలియదో చెప్పడానికి ముందు మన తెల్లపిల్లి సంగతి చెప్పాలి.

అటక మీద నాలుగు పిల్లల్ని పెట్టిందని చెప్పాను కదా. అటక మీది సామాను దింపడానికి మనుషులు ఎక్కి దిగారు. ఆ అలికిడి దానికి నచ్చలేదు. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే అయినా, ఎలా తిప్పుతుందో ఈసారే కూర్చుని చూశాను. మొదటి రోజు పిల్లల్ని ముట్టుకోలేదు. ఒక్కతే కొబ్బరికాయల కొట్లోకి వెళ్ళింది. మూలమూలా వాసన చూసి, గోనెసంచి మీద కూర్చుని చాలాసేపు చెవులు రిక్కించి వింది. సాయంత్రం మళ్ళీ వెళ్ళింది. రాత్రి మా కుక్క ఎటు తిరుగుతుందో గోడ మీద నుంచి చూసింది. స్నానాల గది పక్కన ఇంకా చల్లటి చోటుంది, అక్కడ కాలు పెట్టి తీసేసింది. నేల చెమ్మగా ఉంది మరి. మూడో రోజు తెల్లవారుజామున మొదటి పిల్లని మెడ దగ్గర నోట కరుచుకుని కొట్లోకి నడిచింది.

నాన్నని కూడా అలాగే వెళ్ళమను. ముందు సామాను లేకుండా, తొందర లేకుండా. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి. వీలైతే వాన పడ్డాక ఒకసారి.

ఈ జాగ్రత్త నేను పుస్తకంలో చదివింది కాదు. మా నాన్నగారు బడిపంతులు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మమ్మల్ని కొత్త ఊరికి మార్చారు. మంచి ఎండల్లో వెళ్ళి ఇల్లు చూసుకున్నాం. పంట కాలువ ఒడ్డున పెంకుటిల్లు. ముందు అరుగు, పెరట్లో సపోటా చెట్టు, అద్దె తక్కువ. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి కాలువంతా ఎండిపోయి ఉంది. నేనూ మా తమ్ముడూ అందులో దిగి గోళీలాడుకున్నాం. జూన్‌లో నీళ్ళు వదిలారు. కాలువ నిండుతుంటే గట్టెక్కి గంతులేశాం. నాలుగు రోజులకి వంటింటి నేల చెమర్చింది. వారానికి పడగ్గదిలో చాప ఎత్తితే కింద నీళ్ళు. వాన కాదు, వరద కాదు, కాలువ ఊట. నేలలోంచి నిశ్శబ్దంగా పైకొచ్చింది. ఆ ఏడాదంతా మా అమ్మ పొయ్యి కింద ఇటుకలు పేర్చి వంట చేసింది. తమ్ముడికి దగ్గు తగ్గనే లేదు. సపోటాలు మాత్రం బాగా కాశాయి. ఆ చెట్టుకి నీటి కొరత ఎక్కడిది!

మీరు కూడా ఇప్పుడు ఎండల్లోనే ఇల్లు చూస్తున్నారు. అందుకే ఇంత చెబుతున్నాను.

మన డెల్టా అంతా గోదావరి ఒండ్రు పోసి చేసిన నేల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువలతో అల్లుకుపోయింది. మా కోనసీమకి బొబ్బర్లంక దగ్గర, మీ భీమవరం వైపుకి విజ్జేశ్వరం దగ్గర నీళ్ళు వదులుతారు. నీళ్ళు తెచ్చే పంట కాలువ వేరు, వాడిన నీటినీ వాన నీటినీ పట్టుకుపోయే మురుగు కాలువ వేరు. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ చూస్తారు, అది రెండో రకం. సముద్రం ఎంతో దూరం లేదు, నేల బల్లపరుపు. పెద్ద వాన పడ్డప్పుడు నీరు పరిగెత్తదు, నిలబడి ఆలోచించుకుని మెల్లగా కదులుతుంది. నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అన్నారు. ఇల్లు చూసేటప్పుడు పల్లం ఎటుందో మీరూ ఎరిగి ఉండాలి.

చిన్నోడా, ఈ పని నీది. గుమ్మం ముందు నిలబడి చూడు. రోడ్డు మీద నుంచి ఇంట్లోకి మెట్లెక్కుతున్నామా, దిగుతున్నామా? పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు పోస్తారు, పదేళ్ళకి మళ్ళీ ఇంకోటి పోస్తారు. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, రోడ్డు పైకొస్తుంది. ఒకప్పుడు మెరక మీద కట్టిన ఇల్లే పల్లంలో పడిపోతుంది. తర్వాత గోడలు చూడు. కొత్త రంగు వేసినా సరే, మోకాలెత్తు వరకు పొక్కులు లేచి తెల్లగా ఉప్పు పూసిందంటే కింది నుంచి చెమ్మ ఎక్కుతోందన్నమాట. బీరువా వెనక కూడా చూడు. మన ఊళ్ళో రామాలయం గోడ మీద 1986 ఆగస్టు వరద గీత ఉంది, పోయినసారి నిన్నెత్తుకుని చూపించాను, గుర్తుందా? ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. మనుషులు మర్చిపోయినా గోడకి గుర్తుంటుంది.

అమ్మలూ, నువ్వు ఒక సబ్బుముక్క పట్టుకెళ్ళు. బోరు నీళ్ళతో చేతులు రుద్దుకో. నురగ రాకపోతే ఆ నీళ్ళలో పప్పు ఉడకడం కూడా కష్టమే. సముద్రం దగ్గరి ఊళ్ళలో, చుట్టూ రొయ్యల చెరువులున్న చోట్ల బోరు నీరు ఉప్పగా ఉండటం మామూలే. అప్పుడు మంచినీళ్ళ కుళాయి ఏ వేళకి వస్తుందో, ఎంతసేపు వస్తుందో, కాలువలు కట్టేసిన నెలల్లో ఎలా ఉంటుందో పక్కింటివాళ్ళని అడగాలి.

ఆ మాటకొస్తే ఇంటి ఓనర్ కంటే పక్కింటి మామ్మగారికే అన్నీ ఎక్కువ తెలుస్తాయి. వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకి ఇంకా ఎక్కువ. రెండు ప్రశ్నలు చాలు. "ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏముండేదండీ?" అని అడగండి. చేపల చెరువు పూడ్చి మెరక తోలించిన చోటైతే నేల ఇంకా కుంగుతూ ఉండొచ్చు. రెండోది, "వానాకాలంలో మీ పిల్లలు బడికి ఎలా వెళ్తారండీ?" దీనికి ఎవరూ అబద్ధం చెప్పరు. అడిగేటప్పుడు అండీ అనడం మర్చిపోకండి, కొత్త ఊళ్ళో మనకి ముందు కావలసింది మంచి పలకరింపు.

కొనే మాట ఇప్పుడే వద్దని నాన్నకి నేను చెబుతాలే. అద్దెకి 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. అందులో ఒక వానాకాలం గడుస్తుంది. అది గడిచాక ఆ వీధి ఎలాంటిదో మీకే తెలిసిపోతుంది.

ఉయ్యాల కోసం అమ్మతో పేచీ పెట్టకండి. ఎక్కడికి మారినా ముందుగా వంటింట్లో నిలబడేది అమ్మే, వెలుతురు ఎక్కడ కావాలో ఆవిడకి తెలుసు. ఉయ్యాల నేను తెస్తాను, మన కొబ్బరి తాడుతో.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నాలుగో పిల్లని కూడా కొట్లో పెట్టేశాక తెల్లపిల్లి మళ్ళీ అటకెక్కింది. అక్కడ ఏమీ లేదు. అయినా ఖాళీ చోటంతా ఒకసారి వాసన చూసి, కాసేపు కూర్చుని, అప్పుడు దిగింది. మీరు కూడా లారీ ఎక్కించాక, తాళం వేసేముందు, పాత ఇంట్లో గదులన్నీ ఒకసారి తిరిగి రండి.

మీ తాతయ్య